అడ్రసులోనే దారి రాసిన రోజులు: వేర్వేరు నెట్‌వర్కుల మధ్య ఈమెయిల్ ఎలా నడిచింది?

వాట్సాప్ వాడే మనిషి టెలిగ్రామ్‌లో ఉన్న స్నేహితుడికి నేరుగా మెసేజ్ పంపలేడు. జీమెయిల్ నుంచి మాత్రం యాహూకి, ఆఫీసు మెయిల్‌కి, ప్రభుత్వ శాఖ మెయిల్‌కి ఉత్తరం ఏ అడ్డూ లేకుండా వెళ్లిపోతుంది. యూరోపియన్ యూనియన్ తెచ్చిన డిజిటల్ మార్కెట్ల చట్టం పెద్ద మెసేజింగ్ యాప్‌లు బయటి యాప్‌లకూ తలుపు తీయాలని అడుగుతోంది. 2024 మార్చి నుంచి పెద్ద కంపెనీలు ఆ చట్టాన్ని పాటించాల్సి రావడంతో ఈ తేడా ఎందుకన్న ప్రశ్న మళ్లీ వినిపిస్తోంది. ఎవరి నుంచి ఎవరికైనా వెళ్లడం ఈమెయిల్‌కి పుట్టుకతో వచ్చిన గుణమని చాలామంది అనుకుంటారు. 1980ల్లో మెయిల్ వాడినవాళ్ల అనుభవం వేరు. పక్క విశ్వవిద్యాలయంలో ఉన్న మనిషికి నాలుగు వాక్యాలు పంపాలన్నా, ఏ ఏ యంత్రాల మీదుగా అవి వెళ్లాలో పంపేవారే వరసగా రాసిన రోజులవి.

క్లుప్తంగా

ఆర్పానెట్, యూయూసీపీ, బిట్‌నెట్, సీఎస్‌నెట్ లాంటి తొలినాటి కంప్యూటర్ నెట్‌వర్కులు మెయిల్‌ని ఎవరి పద్ధతిలో వారు నడిపేవి. ఒకదాని నుంచి ఇంకోదానికి ఉత్తరం దాటాలంటే రెండింటిలోనూ ఉన్న గేట్‌వే యంత్రం కావాలి, అది ఎక్కడుందో పంపేవారికి తెలియాలి. 1983-86 మధ్య వచ్చిన డొమైన్ పేర్లు, ఏ పేరు మీద వచ్చే మెయిల్ ఏ యంత్రానికి ఇవ్వాలో చెప్పే ఎంఎక్స్ రికార్డులు దారి వెతికే పనిని మనిషి చేతుల్లోంచి తీసి యంత్రానికి అప్పగించాయి. ఆనాటి సర్దుబాట్ల గుర్తులు నేటి మెయిల్‌లో ఇంకా ఉన్నాయి.

ఎవరి ఊరు వారిది

1971లో అమెరికాలోని బీబీఎన్ కంపెనీ ఇంజనీరు రే టామ్లిన్సన్ ఆర్పానెట్ మీద ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కి మెసేజ్ పంపారు. మనిషి పేరుకీ యంత్రం పేరుకీ మధ్య @ గుర్తు పెట్టింది ఆయనే. ఈ ఏర్పాటు ఆర్పానెట్‌లో హాయిగా నడిచింది. అక్కడి యంత్రాలు ఎప్పుడూ లైన్లో ఉండేవి, వాటి పేర్లన్నీ ఒకే పట్టికలో ఉండేవి. కాలిఫోర్నియాలోని ఎస్ఆర్ఐ సంస్థ ఆ పట్టికని చూసుకునేది. ఎవరికి మెయిల్ పంపాలన్నా పట్టికలో పేరు దొరికితే చాలు.

ఆర్పానెట్ నడిచింది మాత్రం అమెరికా రక్షణ శాఖ డబ్బుతో. ఆ శాఖ ప్రాజెక్టులతో సంబంధం లేని విశ్వవిద్యాలయాలకి అందులో చోటు దొరికేది కాదు. బయట ఉండిపోయినవాళ్లు తమ దగ్గరున్న యంత్రాలతోనే సొంత దారులు వేసుకున్నారు. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే యంత్రాలున్నవాళ్లకి యూయూసీపీ అనే ప్రోగ్రాం దొరికింది. ఐబీఎం పెద్ద కంప్యూటర్లున్నవాళ్లు 1981లో న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ, యేల్ మధ్య ఒక లైను వేసి బిట్‌నెట్‌ మొదలుపెట్టారు. అదే ఏడాది కంప్యూటర్ సైన్స్ విభాగాల కోసం నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో సీఎస్‌నెట్ వచ్చింది. డిజిటల్ కంపెనీ యంత్రాలకి డెక్‌నెట్ ఉంది. 1984లో టామ్ జెన్నింగ్స్ ఇళ్లలోని చిన్న కంప్యూటర్ల కోసం ఫిడోనెట్ పెట్టారు.

ఒక్కో నెట్‌వర్కు అడ్రసు రాసే తీరు ఒక్కోలా ఉండేది. ఆర్పానెట్‌లో ముందు మనిషి, తర్వాత @, ఆ తర్వాత యంత్రం. డెక్‌నెట్‌లో ముందు యంత్రం, రెండు కోలన్ గుర్తులు, చివర మనిషి. ఫిడోనెట్‌లో ఊరికి బదులు అంకెలు: జోన్, నెట్, నోడ్. కంప్యూసర్వ్ అనే ఆన్‌లైన్ సేవలో చందాదారుడి అడ్రసు పేరు లేకుండా ఉత్త అంకెలే, మధ్యలో ఒక కామా. ఇంటర్నెట్ మెయిల్‌లో కామా అంటే ‘ఇంకో మనిషికి కూడా’ అని అర్థం. అందుకే 1989లో కంప్యూసర్వ్‌కి ఇంటర్నెట్‌తో లింకు ఏర్పడినప్పుడు, బయటి నుంచి రాసేవాళ్లు ఆ కామా స్థానంలో చుక్క పెట్టాల్సి వచ్చింది. చుక్కకు బదులు కామా ఉండిపోతే ఒక అడ్రసు రెండు ముక్కలై, ఉత్తరం వెనక్కి వచ్చేది.

రాత్రిపూట కదిలే టపా

వీటన్నిటిలో యూయూసీపీ తీరు విడ్డూరమైనది, వ్యాప్తి కూడా ఎక్కువే. బెల్ ల్యాబ్స్‌లో మైక్ లెస్క్ 1976లో రాసిన ఈ ప్రోగ్రాం 1979లో యూనిక్స్ ఏడో వెర్షన్‌తో పాటు బయటికొచ్చింది. దీనికి ప్రత్యేకమైన లైను అక్కర్లేదు. ఒక యంత్రం, దాన్ని ఫోన్ లైనుకి కలిపే ఒక మోడెం, ఒక ఫోన్ కనెక్షన్ ఉంటే సరిపోతుంది. పక్క యంత్రం ఫోన్ నంబరు, లాగిన్ పేరు, పాస్‌వర్డ్ ఒక ఫైల్లో రాసి ఉంటాయి. పగలంతా వచ్చిన ఉత్తరాలు ఒక డైరెక్టరీలో పోగుపడతాయి. ఫోన్ చార్జీలు తగ్గే రాత్రివేళ మోడెం పక్క యంత్రానికి డయల్ చేస్తుంది, అవతల ఎత్తగానే లాగిన్ అవుతుంది, ఉత్తరాల ఫైళ్లు అప్పగించి తనకు రావాల్సినవి తీసుకుని ఫోన్ పెట్టేస్తుంది. సెకనుకి 1200 బిట్ల మోడెం మీద దాదాపు 120 అక్షరాలు వెళ్తాయి. ఒక పేజీ ఉత్తరానికి ఇరవై సెకన్లు చాలు. ఆలస్యమంతా తర్వాతి ఫోన్ కాల్ వచ్చేదాకా ఎదురుచూడటంలోనే ఉంది.

ఈ ప్రపంచంలో ప్రతి యంత్రానికీ తన పొరుగువాళ్లు మాత్రమే తెలుసు. మొత్తం పటం ఎవరి దగ్గరా లేదు. కాబట్టి దారి పంపేవారే చెప్పాలి. అర్థం కావడానికి యంత్రాలకు తెలుగు పేర్లు పెట్టుకుందాం. కొండ!వాగు!తోట!రాధ అని అడ్రసు రాస్తే, ‘ముందు కొండ అనే యంత్రానికి ఇవ్వు, కొండ దాన్ని వాగుకి ఇస్తుంది, వాగు తోటకి ఇస్తుంది, తోటలో రాధ ఉంటుంది’ అని. ఒక్కో మజిలీ దాటగానే ఆ యంత్రం తన పేరు కొట్టేసి మిగతాది ముందుకు పంపుతుంది. కొత్తగా ఊరికొచ్చిన మనిషికి ‘రామాలయం దాటి, చెరువుగట్టు మీదుగా వెళ్లి, మూడో సందులో తిరుగు’ అని దారి చెప్పినట్టు ఉంటుంది. చెప్పేవాళ్లు ఎక్కడ నిలబడి చెబుతున్నారనే దాన్ని బట్టి దారి మారిపోతుంది. రాధకి ఇది నా అడ్రసు అని అందరికీ ఇవ్వగల ఒకే అడ్రసు లేదు.

దీనికి వాడుకరులే ఒక ఉపాయం కనిపెట్టారు. అందరికీ తెలిసిన కొన్ని పెద్ద కూడళ్ల పేర్లు ఉత్తరం కింద సంతకంలో బ్రాకెట్లో రాసి, అక్కడి నుంచి తమదాకా దారి చూపేవారు. మిగతా దారి, అంటే ఆ కూడలిదాకా చేరడం, పంపేవారి బాధ్యత. ఇల్లినాయిలోని ఏటీ అండ్ టీ యంత్రం ఐహెచ్ఎన్‌పీ4, డిజిటల్ కంపెనీ యంత్రం డెక్‌వ్యాక్స్, బర్కిలీలోని యూసీబీవ్యాక్స్, వర్జీనియాలో భూకంపాల అధ్యయన కేంద్రంలో ఉన్న సైస్మో అలాంటి కూడళ్లు. యూరప్ వైపు ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఎంసీవ్యాక్స్ ఉండేది. ముక్కూమొహం తెలియని వేలమంది ఉత్తరాలని ఈ యంత్రాలు తమ సంస్థల ఫోన్ బిల్లుతో మోసుకుపోయాయి. ఆ నెట్‌వర్కు ఎలా నిలబడిందో తెలియాలంటే సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఈ మర్యాదని లెక్కలోకి తీసుకోవాలి. భారం పెరిగేకొద్దీ ఈ పద్ధతి ఎక్కువ కాలం సాగదని తేలిపోయింది. సైస్మోని చూసుకున్న రిక్ ఆడమ్స్ 1987లో యూయూనెట్ స్థాపించి, మెయిల్ మోయడాన్ని చందా కట్టి పొందే సేవగా మార్చారు.

స్టీవ్ బెలోవిన్, పీటర్ హనీమన్ రాసిన పాత్‌అలియాస్ అనే ప్రోగ్రాం దారి వెతుకులాటని కొంత తేలిక చేసింది. ఎవరి యంత్రం ఎవరికి ఎంత తరచుగా ఫోన్ చేస్తుందో ఊరూరా సేకరించిన పటాలు దానికి ఇస్తే, అతి తక్కువ ఖర్చు దారి లెక్కగట్టి ఇస్తుంది. గంటకోసారి కలిసే లింకుకి 500, రోజుకోసారి అయితే 5000, వారానికోసారి అయితే 30000 అని దాని లెక్క. అంటే వారానికోసారి ఫోన్ చేసే పొరుగుని నమ్ముకోవడం కంటే గంటగంటకీ కలిసే యాభై మజిలీలు చుట్టి రావడమే మేలని ప్రోగ్రాం తేల్చేది. పటంలో రెండు యంత్రాలకు ఒకే పేరుంటే మాత్రం ఉత్తరం తప్పుడు ఊరికి చేరేది. కొన్ని యంత్రాలు ఇంకో అడుగు ముందుకేసి, పంపినవారు రాసిన దారిని పక్కనబెట్టి తమకు తోచిన ‘దగ్గరి దారి’లో పంపేవి. ఆలోచించి రాసిన దారి అలా చెడిపోతే ఎక్కడ తప్పిందో కనుక్కోవడం చాలా కష్టమయ్యేది.

ఒకే అడ్రసు, రెండు అర్థాలు

అసలు చిక్కు రెండు పద్ధతులు కలిసిన చోట వచ్చింది. కొండ!రాధ@వాగు అనే అడ్రసు చూద్దాం. ఆర్పానెట్ యంత్రానికి @ గుర్తే ముఖ్యం. అది ఉత్తరాన్ని ముందు వాగుకి పంపి, అక్కడి నుంచి కొండలో ఉన్న రాధకి చేర్చమంటుంది. యూయూసీపీ యంత్రం ఎడమ నుంచి చదువుతుంది. ముందు కొండకి పంపి, అక్కడి నుంచి వాగులో ఉన్న రాధకి ఇవ్వమంటుంది. ఎవరి నిబంధన ప్రకారం వారు సరిగ్గానే చదివారు. ఉత్తరం మాత్రం రెండు వేర్వేరు దిక్కులకి పోతుంది. 1986లో మార్క్ హోర్టన్ రాసిన ఆర్ఎఫ్‌సీ 976 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం ఇలాంటి చోట @ గుర్తుకే పెద్దపీట వేసింది. పాత ప్రోగ్రాములు నడుస్తున్న యంత్రాలు మాత్రం వెంటనే మారలేదు.

ఈ గందరగోళం లేకుండా గేట్‌వే దాటడానికి % గుర్తు వాడుకలోకి వచ్చింది. రాధ%తోట@గేటు అని రాస్తే, బయటి ప్రపంచానికి కనిపించేది ‘గేటు’ యంత్రం ఒక్కటే. ఉత్తరం అక్కడికి చేరాక, గేటు తన పేరు తీసేసి % స్థానంలో @ పెట్టి, లోపలి నెట్‌వర్కులోని తోటకి పంపుతుంది. మన ఉత్తరాల మీద రాసే ‘కేరాఫ్’ చేసే పని ఇదే. సీఎస్‌నెట్‌కి రాసేవాళ్లంతా దాని రిలే యంత్రం కేరాఫ్‌గానే రాసేవారు. ఏ ప్రమాణ పత్రమూ దీన్ని అధికారికంగా పెట్టలేదు. పని జరుగుతోంది కాబట్టి అందరూ పాటించారు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీలో ఈ సమస్య ఒకే ఆవరణలో కనిపించేది. అక్కడ ఆర్పానెట్ ఉంది, యూయూసీపీ ఉంది, సొంతంగా కట్టుకున్న బర్క్‌నెట్ ఉంది. ఒకటి @, ఒకటి !, ఒకటి కోలన్. ఎరిక్ ఆల్మన్ ముందు డెలివర్‌మెయిల్, ఆ తర్వాత 1983లో బర్కిలీ యూనిక్స్‌తో బయటికొచ్చిన సెండ్‌మెయిల్ రాసింది వీటిని కలపడానికే. అడ్రసు ఎలా చదవాలో ప్రోగ్రాంలో బిగించకుండా, నిబంధనలుగా ఒక ఫైల్లో పెట్టారు. ఈ గుర్తు కనిపిస్తే ఇలా తిప్పిరాయి, ఆ గుర్తు కనిపిస్తే అలా పంపు అని. ఆ ఫైలు చదవడం ఎంత కష్టమో అప్పటి సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లకి బాగా తెలుసు. ఏ నెట్‌వర్కునీ మార్చకుండానే అన్నిటినీ కలపగలిగింది మాత్రం ఆ వెసులుబాటే.

సరిహద్దులో మారిపోయిన అక్షరాలు

అడ్రసు సరిగ్గా ఉన్నా లోపలి విషయం చెడిపోయే ప్రమాదం ఉండేది. బిట్‌నెట్‌లోని ఐబీఎం యంత్రాలు అక్షరాలకి ఎబ్‌సిడిక్ అనే సంకేతాలు వాడేవి, మిగతా ప్రపంచం ఆస్కీ వాడేది. గేట్‌వే దగ్గర ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చేటప్పుడు మామూలు అక్షరాలకి ఇబ్బంది లేదు. బ్రాకెట్ల లాంటి గుర్తులే ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా తేలేవి. బిట్‌నెట్‌కి మూలం పంచ్ కార్డుల పద్ధతి కావడంతో 80 అక్షరాలు దాటిన వరస తెగిపోవచ్చు, వరస చివరి ఖాళీలు మాయం కావచ్చు. ప్రోగ్రాం ఫైలుని అక్షరాలుగా మార్చి మెయిల్‌లో పంపినవాళ్లకి, అవతల అది తిరిగి ప్రోగ్రాంగా మారనప్పుడు ఈ సంగతి తెలిసొచ్చేది.

1992లో నథానియల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ రూపొందించిన, మెయిల్‌లో అటాచ్‌మెంట్లు ఎలా పంపాలో చెప్పే మైమ్ ప్రమాణం దీన్ని దృష్టిలో పెట్టుకునే రాసింది. అటాచ్‌మెంట్ కోసం ఎంచుకున్న బేస్64 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, మరో మూడు గుర్తులు తప్ప ఇంకేమీ ఉండవు. ఆస్కీ రకాలన్నిటిలోనూ, ఎబ్‌సిడిక్‌లోనూ మారకుండా నిలిచేవి ఏవో చూసి వాటినే తీసుకున్నారు. వరసకి 76 అక్షరాలు మించకూడదన్నారు. మూడు బైట్ల సమాచారం నాలుగు అక్షరాలవుతుంది కాబట్టి ఫైలు దాదాపు మూడో వంతు ఉబ్బుతుంది. ఈ రోజు మెయిల్‌కి ఒక ఫొటో జతచేసినా సాధారణంగా జరిగేది అదే. ‘ఫైలు సైజు పరిమితిలోపే ఉంది కదా, ఎందుకు వెళ్లడం లేదు’ అన్న సందేహానికి జవాబు తరచుగా ఈ ఉబ్బులోనే ఉంటుంది. బిట్‌నెట్ పోయింది. దాని గేట్‌వేలు దాటడానికి వేసుకున్న కట్టు మాత్రం అలాగే ఉండిపోయింది.

బ్రిటన్‌లో కుడి ఎడమలు

బ్రిటన్ విద్యాసంస్థల నెట్‌వర్కు జానెట్‌లోనూ చుక్కలతో వేరుచేసిన పేర్లే ఉండేవి, వరస మాత్రం తిరగబడి ఉండేది. ముందు దేశం, తర్వాత విద్యారంగం, తర్వాత విశ్వవిద్యాలయం, చివర విభాగం. ఇంటర్నెట్‌లో చివర దేశం వస్తుంది. రెండింటి మధ్య ఉన్న గేట్‌వేలు ఆ పేరుని అటుదిటు తిప్పాలి. కొన్ని ప్రోగ్రాములు వరస ఏదో ఊహించడానికి ప్రయత్నించేవి. కంప్యూటర్ సైన్స్ విభాగాల పేర్లు సీఎస్‌తో ముగియడం, చెకొస్లొవేకియా దేశానికి కూడా సీఎస్ అనే కోడ్ ఉండటంతో, బ్రిటన్‌లోని ఒక విభాగానికి రాసిన అడ్రసు చెకొస్లొవేకియా అడ్రసులా కనబడే అవకాశం ఏర్పడింది.

దారి పోయి పేరు మిగిలింది

ఈ సమస్యలన్నిటికీ మూలం ఒకటే. అడ్రసులో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి: మనిషి ఎవరు, అక్కడికి ఎలా వెళ్లాలి. మనిషి అక్కడే ఉన్నా మధ్యలో ఒక యంత్రం మూతపడితే అడ్రసు పనికిరాకుండా పోయేది.

1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించిన డొమైన్ నేమ్ సిస్టమ్ పేర్లని అంచెలంచెలుగా పంచింది. ఒకే పట్టిక బదులు ఎవరి పేర్ల పట్టిక వారే చూసుకుంటారు. మెయిల్ విషయంలో అసలు మలుపు 1986 జనవరిలో వచ్చింది. క్రెయిగ్ పార్ట్రిడ్జ్ రాసిన ఆర్ఎఫ్‌సీ 974 ఎంఎక్స్ రికార్డు ఎలా వాడాలో చెప్పింది. ‘ఈ పేరు మీద వచ్చే ఉత్తరాలు ఫలానా యంత్రానికి ఇవ్వండి, అది దొరక్కపోతే ఈ రెండోదానికి’ అని పేరు సొంతదారే ముందుగా ప్రకటించి పెట్టడమే ఎంఎక్స్ రికార్డు. దీనితో ఇంటర్నెట్‌లో లేని యంత్రానికి కూడా ఇంటర్నెట్ అడ్రసు వచ్చింది. రోజుకోసారి ఫోన్ చేసే చిన్న యూయూసీపీ కేంద్రం ఒక డొమైన్ పేరు తీసుకుని, ఉత్తరాలు యూయూనెట్‌కి ఇవ్వమని ఎంఎక్స్‌లో రాసుకుంటే పని అయిపోయేది. రాసేవారికి లోపల జరిగే తతంగమేదీ తెలియనక్కర్లేదు. రేపు ఆ కేంద్రం సొంత లైను వేసుకున్నా, సేవ ఇచ్చే కంపెనీ మారినా, మార్చాల్సింది ఒక్క వరస. అడ్రసు అదే. ఇప్పుడు విజయవాడలోనో వరంగల్‌లోనో ఒక చిన్న కంపెనీ సొంత పేరుతో మెయిల్ అడ్రసు పెట్టుకుని, మెయిల్ డబ్బాలు మాత్రం గూగుల్ దగ్గరో మైక్రోసాఫ్ట్ దగ్గరో ఉంచుకోగలుగుతోందంటే ఈ ఏర్పాటు వల్లే.

ఇదే కాలంలో అధికారిక ప్రత్యామ్నాయం ఒకటి ఉంది. అంతర్జాతీయ టెలికాం సంఘం 1984లో ఇచ్చిన ఎక్స్.400 ప్రమాణం. చాలా దేశాల టెలికాం శాఖలు, పెద్ద కంపెనీలు దాని వెనక నిలిచాయి. కొన్ని విషయాల్లో అది ముందంజలో కూడా ఉంది, ఉత్తరం చేరినట్టు రసీదు మొదటి నుంచే అందులో భాగం. కానీ దాని అడ్రసులో దేశం, టెలికాం సంస్థ, ప్రైవేటు నెట్‌వర్కు, కంపెనీ, ఇంటిపేరు, పేరు అన్నీ విడివిడిగా రాయాలి. టెలికాం సంస్థ పేరు అడ్రసులోనే ఉండటంతో సంస్థ మారితే అడ్రసూ మారాల్సిందే. యూయూసీపీలో దారి ఎలా ఇరుక్కుందో, ఇక్కడ సేవ ఇచ్చే సంస్థ అలా ఇరుక్కుంది. విజిటింగ్ కార్డు మీద ఒక వరసలో పట్టే అడ్రసు ముందు అది నిలవలేకపోయింది.

భారత్‌కి వచ్చిన దారి

మన దేశంలో 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో విద్యా, పరిశోధన సంస్థల నెట్‌వర్కు ఎర్నెట్ మొదలైంది. ముంబైలోని సాఫ్ట్‌వేర్ పరిశోధన సంస్థ ఎన్‌సీఎస్‌టీ, బెంగళూరు ఐఐఎస్‌సీ, ఐదు ఐఐటీలు అందులో ఉన్నాయి. ఇక్కడ కూడా మొదటి అడుగు డయల్-అప్ ఫోన్ మీద నడిచే యూయూసీపీతోనే పడింది. 1989లో డాట్ ఇన్ డొమైన్ నమోదైంది. సామాన్య జనానికి ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ సేవ 1995 ఆగస్టు 15న మొదలైంది. తర్వాత హైదరాబాద్‌లో కనెక్షన్ తీసుకున్నవాళ్ల అడ్రసుల చివర ‘హెచ్‌డీ1.వీఎస్ఎన్ఎల్.నెట్.ఇన్’ అని ఉండేది. కుడి నుంచి చదివితే దేశం, నెట్‌వర్కు, కంపెనీ, హైదరాబాద్‌లోని ఒక సర్వర్. పాత పద్ధతి వాసన అందులో ఇంకా ఉంది, ఊరూ యంత్రమూ అడ్రసులోనే కనిపిస్తాయి.

తెలుగుకి సంబంధించిన ఒక జాడ కూడా ఈ పరిమితుల్లోనే ఉంది. అప్పటి మెయిల్ మోయగలిగింది ఏడు బిట్ల ఇంగ్లీషు అక్షరాలని మాత్రమే. అందుకే అమెరికాలోని తెలుగువాళ్లు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో ఖచ్చితంగా రాసే పద్ధతులు తయారుచేసుకున్నారు. రైస్ విశ్వవిద్యాలయం పేరు మీద వచ్చిన ఆర్‌టీఎస్ వాటిలో బాగా వ్యాపించింది. చిన్న ఎల్ రాస్తే ల, పెద్ద ఎల్ రాస్తే ళ. చిన్న టీ రాస్తే త, పెద్ద టీ రాస్తే ట. ఏ గేట్‌వే దాటినా చెడని అక్షరాల్లోనే మొత్తం వర్ణమాలని ఇమిడ్చారు. 1991లో, ప్రపంచ భాషల అక్షరాలకి సంకేతాలిచ్చే యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి చోటు దొరికినా, అది మెయిల్‌లో మామూలు విషయం కావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. అంతవరకూ తెలుగు ఉత్తరాలు ఇలాగే ప్రయాణం చేశాయి.

తెరిచిన తలుపులు, మూసిన కవర్లు

ఎవరి ఉత్తరమైనా మోసే మర్యాద 1990ల మధ్యలో స్పామ్ రావడంతో దెబ్బతింది. దారిన పోయే మెయిల్‌ని పంపిపెట్టే యంత్రాలనే వాడుకుని లక్షల ప్రకటనలు పంపడం మొదలైంది. 1998లో వచ్చిన సెండ్‌మెయిల్ 8.9 వెర్షన్ పరాయివారి మెయిల్ మోయడాన్ని మామూలుగా నిరాకరించేలా మారింది. పదేళ్ల ముందు ఇలా నిరాకరించడాన్ని పొరుగువారి పట్ల అమర్యాదగా చూసేవారు. కొద్ది కాలంలోనే, నిరాకరించని యంత్రాలే నిషేధ జాబితాల్లోకి ఎక్కాయి.

నేటి మెసేజింగ్ యాప్‌లకి ఈమెయిల్ దారినే ఎందుకు పట్టలేమన్న ప్రశ్నకి సాంకేతికంగా ముఖ్యమైన జవాబు గేట్‌వే పనితీరులోనే ఉంది. ఆనాటి గేట్‌వే ప్రతి ఉత్తరాన్నీ విప్పేది, అడ్రసు తిప్పిరాసేది, అక్షరాలు మార్చేది, మళ్లీ పంపేది. ఉత్తరం కవరులో పెట్టినది కాదు, పోస్టుకార్డు లాంటిది. వాట్సాప్, సిగ్నల్ లాంటి వాటిలో మెసేజ్ పంపేవారి ఫోన్లో తాళం వేసుకుని బయలుదేరి, అందుకునేవారి ఫోన్లోనే తెరుచుకుంటుంది. మధ్యలో విప్పి తిరగరాసే గేట్‌వే పెడితే ఆ తాళం పోతుంది. బయటి యాప్‌కి తలుపు తీసినా అదే స్థాయి భద్రత నిలబెట్టాలని యూరప్ చట్టం షరతు పెట్టింది. అందువల్ల రెండు యాప్‌లూ ఒకే రకం తాళం వాడటానికి ఒప్పుకోవాలి, లేదా పెద్ద యాప్ వాడే తాళాన్నే చిన్న యాప్ తెచ్చుకోవాలి. 1980ల్లో ఏ నెట్‌వర్కునీ మారమని అడగకుండానే మధ్యలో ఒక యంత్రం పెట్టి సర్దుకోగలిగారు. ఈసారి మారాల్సింది రెండు చివర్లా ఉన్న యాప్‌లే.